బోరు నీళ్లకు ఆ రంగు ఎక్కడిది? ఇంట్లోనే కనిపెట్టి సరిచేసుకునే పద్ధతి

తెల్ల పంచె నాలుగు ఉతుకులకే పచ్చబడుతుంది. కుళాయి కింద టైలు మీద ఎర్రటి చార దిగుతుంది. ఫ్లష్ ట్యాంకు మూత తీస్తే లోపలంతా తుప్పు రంగు జిడ్డు. బోరు మీదో బావి మీదో బతికే ఇళ్లకు ఇవేవీ కొత్త కాదు. ఇది చూడగానే ఎక్కువమంది ఫిల్టర్లు అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తారు. నేనూ అదే చేశాను. హైదరాబాద్ శివార్లలో ఇల్లు కట్టుకున్న రెండో వానాకాలం నీళ్లు ఎర్రగా రావడం మొదలైంది. ఒకతను వచ్చి గ్లాసులో ఏదో చుక్క వేసి, "ఐరన్ సార్" అని తేల్చేసి, నిలువెత్తు సిలిండరొకటి బిగించి వెళ్లాడు. నెల తిరక్కుండానే అది మట్టితో పూడిపోయింది. అసలు సంగతేమిటంటే, కేసింగ్ (బోరు పైభాగంలో మట్టి కూలకుండా దించే గొట్టం) పక్క సందులోంచి వాననీళ్లు ఎర్రమట్టిని వెంటేసుకుని బోరులోకి దిగుతున్నాయి. రెండు బస్తాల సిమెంటుతో, ఒక పూట కూలితో తీరిపోయే పనికి నేను నలభై వేలు పోశాను.

అందుకే ఈ వ్యాసంలో ఫిల్టర్ల మాట చివర్లో వస్తుంది. ముందు రంగు ఎక్కడ పుడుతోందో పట్టుకోవాలి. దానికి కావలసినవి ఆరేడు తెల్ల గాజు సీసాలు, ఒక తెల్ల కాగితం, ఒక రోజు ఓపిక.

ముందుగా: ఎప్పుడు తాగడం ఆపేయాలి

రంగు నెమ్మదిగా, నెలల తరబడి ముదురుతూ వచ్చిందంటే పరీక్షలకు తీరిక ఉంటుంది. నిన్నటిదాకా తేటగా ఉన్న నీళ్లు ఈరోజు హఠాత్తుగా మారితే మాత్రం, కారణం తేలేదాకా ఆ నీళ్లతో వంట, తాగడం మానేయండి. మురుగు వాసన, కిరసనాయిలు వాసన, మందుల వాసన వస్తే మరీను. వరదనీళ్లు బావి ఒర దాటి లోపలికి వచ్చినా, పక్కింటివాళ్లు కొత్తగా సెప్టిక్ ట్యాంకు తవ్వించిన తర్వాత మీ నీళ్లు మారినా అంతే.

కాచుకుని తాగితే సరిపోదా అని అడుగుతారు. మరిగిస్తే చచ్చేవి సూక్ష్మజీవులు మాత్రమే. ఇనుము, నైట్రేటు, రసాయనాలు ఎక్కడికీ పోవు. పైగా నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ అవి మరింత చిక్కబడతాయి.

పటాన్‌చెరు, బొల్లారం లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో భూగర్భజలం పాడైన సంగతి 1980ల నుంచీ నలుగుతున్నదే. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్యాక్టరీల పక్కన ఉన్న బోరులో పసుపు, నారింజ లాంటి రంగు నీళ్లు వస్తుంటే ఇంటి చిట్కాలు కట్టిపెట్టండి. అక్కడ చేయాల్సింది ల్యాబు పరీక్ష, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు. కింద చెప్పేవేవీ ఆ నీళ్లకు వర్తించవు.

మొదటి అడుగు: సీసా పరీక్ష

మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు బయటికి వదిలేయండి. తర్వాత ట్యాంకుకు వెళ్లకముందే, బోరు దగ్గరి వాల్వు నుంచి నేరుగా ఒక గాజు సీసా నింపండి. మూత తీసే ఉంచి, వెనక తెల్ల కాగితం ఆనించి, వెలుతురులో పెట్టండి. వెంటనే ఒకసారి, అరగంటకు ఒకసారి, మర్నాటి పొద్దున ఒకసారి చూడండి. ఈ మూడు చూపుల్లోనే సగం రోగం బయటపడుతుంది.

పట్టినప్పుడు అద్దంలా ఉండి, అరగంట గంటలో పసుపుకో నారింజకో తిరిగి, తెల్లారేసరికి అడుగున తుప్పులాంటి మడ్డి పేరుకుందా? అది నీటిలో కరిగి ఉన్న ఇనుము. లోతున గాలి తగలని చోట ఇనుము కరిగే ఉంటుంది, కంటికి కనబడదు. పైకొచ్చి గాలి సోకగానే తుప్పుగా మారి విడిపోతుంది. మీరు చూస్తున్నది మేకు తుప్పు పట్టడం లాంటిదే, కాకపోతే నీళ్లలో జరుగుతోంది.

పట్టేటప్పుడే రంగు ఉండి, గంటలో అడుగుకు దిగి, వేళ్ల మధ్య నలిపితే గరుగ్గా తగిలితే అది ఇసుక లేదా రాతిపొడి. ఎన్ని గంటలైనా తేరుకోకుండా మసకగా నిలబడిపోతే సన్నటి బంకమట్టి లేదా సుద్ద. టీ డికాషన్‌లా పల్చటి గోధుమరంగులో, మడ్డేమీ లేకుండా ఉంటే ఆకులూ వేళ్లూ కుళ్లిన రంగు. ఇది పాత దిగుడు బావుల్లో, చెరువు కింది బావుల్లో కనబడుతుంది.

పాలలా తెల్లగా వచ్చి, నిమిషం రెండు నిమిషాల్లో అడుగు నుంచి పైకి తేటపడుతూ పోతే అది గాలి బుడగలు. నీళ్లకేమీ కాలేదు, మోటారుకే ముప్పుంది. బోరులో నీటిమట్టం మోటారు దాకా దిగిపోయి అది గాలిని కూడా పీలుస్తోందని అర్థం. ఏప్రిల్, మే నెలల్లో ఇది కనబడితే మోటారు నడిపే సమయం సగానికి తగ్గించండి, లేకపోతే కాయిల్ కాలుతుంది. లోపల దించిన పైపు అతుకు దగ్గర కారుతున్నా ఇలాగే ఉంటుంది.

ఇనుమేనా అని అనుమానం తీరకపోతే వంటింట్లోనే ఒక సాక్షి ఉంది. పూర్వం కరక్కాయ రసంలో అన్నభేది కలిపి రాతసిరా చేసేవాళ్లు. అన్నభేది అంటే ఇనుప లవణమే. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు తిరుగుతుంది. గ్లాసు నీళ్లలో చిటికెడు కరక్కాయ పొడి వేసి పావుగంట ఉంచి, పక్కనే కొన్న నీళ్ల సీసాలోంచి అలాగే ఇంకో గ్లాసు చేసి పోల్చి చూడండి. మీ గ్లాసు ఊదా నలుపుకు తిరిగితే ఇనుము ఉన్నట్టే. పాలు లేని టీ డికాషన్‌తో కూడా ఇదే తేడా తెలుస్తుంది. ఎంత ఉందో చెప్పదు, ఉందని మాత్రం చెబుతుంది.

రెండో అడుగు: రంగు ఏ మలుపులో కలుస్తోంది

నీళ్లు బోరు నుంచి మీ గ్లాసులోకి వచ్చేలోపు ఎన్ని చోట్ల ఆగుతాయో లెక్కపెట్టండి. బోరు, సంపు, మేడమీది ట్యాంకు, గోడలోని పైపులు, గీజరు, కుళాయి. ఒక్కోచోట ఒక్కో సీసా పట్టి, మీద చీటీ అంటించి వరసగా పెట్టండి. రంగు ఏ సీసా నుంచి మొదలైతే దొంగ అక్కడున్నాడు.

బోరు దగ్గర తేటగా ఉండి మర్నాటికి కూడా తేటగానే నిలిచి, ట్యాంకు నుంచి మాత్రం ఎర్రగా వస్తే, ట్యాంకు అడుగున ఏళ్ల నాటి మడ్డి ఉంది. మోటారు వేసినప్పుడల్లా అది లేచి పైపుల్లోకి దిగుతుంది. ట్యాంకు నీళ్లు ఆకుపచ్చగా, గోడలు జారుగా ఉంటే పాచి. మూత పగిలిందో, పల్చటి ప్లాస్టిక్‌లోంచి ఎండ లోపలికి పోతోందో చూడండి. వెలుతురు ఆపితే పాచి ఆగుతుంది.

పొద్దున్నే మొదటి చెంబు ఎర్రగా వచ్చి, ఐదు నిమిషాల్లో తేటపడితే పాత జీఐ పైపులు (జింకు పూత ఇనుప గొట్టాలు) లోపల తుప్పుపట్టాయి. ఒకే బాత్రూంలో రంగు వస్తే ఆ గోడ పైపు వరకే రోగం. వేడినీళ్లే ఎర్రగా వస్తే గీజరు లోపలి తొట్టిని తుప్పు తినేసింది. బోరులోపల దించినవి కూడా పాత ఇనుప పైపులైతే అవే ముద్దాయిలు కావచ్చు. ఈ మధ్య ఎక్కువమంది నల్ల ప్లాస్టిక్ (హెచ్‌డీపీఈ) పైపు దించుతున్నారు కాబట్టి ఆ బాధ తగ్గింది.

ఇంట్లో ఆర్వో మిషను ఉంటే దాని మొదటి తెల్ల దూది గొట్టం మీకు ఉచితంగా దొరికిన సాక్ష్యం. అది ఇటుకరంగుకు తిరిగితే ఇనుము లేదా ఎర్రమట్టి, మసిలా నల్లబడితే మాంగనీసు అనే లోహం, ఆకుపచ్చగా మారితే పాచి. మార్చడానికొచ్చిన కుర్రాణ్ని దాన్ని పారేయొద్దని చెప్పి, మీరే చీల్చి చూడండి.

మూడో అడుగు: ఎప్పుడు వస్తోంది

రంగుతో పాటు కాలం కూడా చూడాలి. క్యాలెండరు మీద నెల రోజులు గుర్తు పెట్టండి. వాన కురిసిన రోజుల్లోనే ఎరుపెక్కి, రెండు మూడు రోజుల్లో తేరుకుంటే పైనీళ్లు దిగుతున్నాయి. మా ఇంటి కథ ఇదే. వానతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా ఒకేలా ఉంటే భూమి లోపలి ఖనిజం. ఎండాకాలం ముదిరే కొద్దీ ఎక్కువైతే నీటిమట్టం దిగి, మోటారు అడుగు పూడికను లాగుతోంది. కొత్త బోరు అయితే మొదటి వారం రెండు వారాలు రాతిపొడి తెల్లగా, బూడిదరంగులో రావడం మామూలే, కంగారు పడనక్కర్లేదు.

మీ నేల సంగతీ కొంత చెబుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల గ్రానైటు రాయి. పైన ఎర్రమట్టి, మొరం, కింద పగుళ్లున్న బండ. ఇక్కడ ఎర్రనీళ్లు వస్తే ముందు మట్టిని, కేసింగ్‌ను అనుమానించాలి, తర్వాతే ఇనుమును. కృష్ణా, గోదావరి డెల్టాల ఒండ్రు నేలల్లో దీనికి తలకిందులు. ఒండ్రులో కలిసిన ఆకూ అలమూ కుళ్లి కింద గాలి లేకుండా చేస్తుంది, అప్పుడు మట్టిలోని ఇనుము, మాంగనీసు నీళ్లలోకి కరుగుతాయి. అక్కడ సీసా పరీక్షలో అరగంటకు రంగు తిరిగితే ఆశ్చర్యపోవద్దు.

నాలుగో అడుగు: నలుపు, జిడ్డు, వాసన

ఎరుపు తేలిగ్గా దొరికే దొంగ. నలుపు కొంచెం గడుసుది. కుళాయి మూతిలో, ఫ్లష్ ట్యాంకులో మసిలాంటి పొర కడుతుంటే మాంగనీసు కావచ్చు. బట్టలకు బ్లీచింగు పెట్టినప్పుడు తెల్లబడాల్సింది పోయి నల్లటి చుక్కలు పడ్డాయంటే అనుమానం బలపడుతుంది. దీన్ని మరకలతో సరిపెట్టుకోవడానికి లేదు. ఎక్కువ మాంగనీసున్న నీళ్లు పసిపిల్లల పాలపొడికి అస్సలు వాడకూడదు.

కుళ్లిన కోడిగుడ్డు వాసనతో నీళ్లు నల్లగా వస్తే గంధకపు వాయువు. వాసన వేడినీళ్లకే పరిమితమైతే తప్పు గీజరుదే, బోరుది కాదు.

ఫ్లష్ ట్యాంకులో చేయిపెడితే చీమిడిలా సాగే నారింజరంగు జిడ్డు తగిలితే అది ఇనుము తిని బతికే బ్యాక్టీరియా. ఇది రోగం తెచ్చేది కాదు గానీ పైపులను, మోటారు జల్లెడను పూడ్చేస్తుంది. బోరు నీరు ఏడాదికేడాది సన్నబడుతుంటే చాలామంది "ఊట తగ్గింది" అని ఇంకో బోరు వేయించుకుంటారు. ఒక్కోసారి తగ్గింది ఊట కాదు, ఈ జిడ్డు దారి మూసేసింది.

నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగుల తెట్టు తేలితే డీజిలేమో అని భయపడతారు. పుల్లతో కదపండి. తెట్టు పెంకుల్లా విరిగి అలాగే విడిగా ఉండిపోతే అది ఈ బ్యాక్టీరియా పొరే. విరగకుండా చుట్టూ తిరిగి మళ్లీ కలిసిపోతే నూనె. అప్పుడు దగ్గర్లో పెట్రోలు బంకో, జనరేటరో, మెకానిక్ షెడ్డో ఉందేమో చూసుకుని, తాగడం ఆపి, ల్యాబుకు వెళ్లాలి.

ఐదో అడుగు: బోరు తల, బావి ఒర

స్టార్టరు దగ్గర కరెంటు పూర్తిగా కట్టేసి, ఫ్యూజు తీసి జేబులో వేసుకుని, అప్పుడు బోరు దగ్గర కూర్చోండి. కేసింగ్ నేలకు కనీసం అడుగు ఎత్తులో ఉందా? మూత గట్టిగా ఉందా, లేక గోనెసంచి కట్టి ఉందా? (గోనెసంచిలోంచి తొండలు, కప్పలు, ఎలుకలు పడ్డ బోర్లు నేను స్వయంగా చూశాను.) చుట్టూ సిమెంటు గద్దె ఉందా, అది బయటికి వాలుగా ఉందా? ఒక బకెట్టు నీళ్లు కేసింగ్ పక్కన పోయండి. పోసినవి పోసినట్టు కిందికి జారిపోతే సందు దొరికింది.

బోరు వేసేవాళ్లు కేసింగ్ దించి, చుట్టూ ఉన్న సందులో డ్రిల్లింగు పొడి పోసి వెళ్లిపోతారు. రెండు వానలకు ఆ పొడి కుంగి దారి ఏర్పడుతుంది. బాగు చేయడం కష్టమేమీ కాదు. చుట్టూ మూడు నాలుగు అడుగుల లోతు తవ్వి, తడిపిన బంకమట్టిని పొరలు పొరలుగా దిమ్మిస వేసి, ఆపైన సిమెంటు చిక్కగా కలిపి పోసి, రెండడుగుల వెడల్పున వాలు గద్దె కట్టించండి. ఇంత చేసినా మట్టి ఆగకపోతే కేసింగ్ బండ దాకా దిగలేదు, అడుగునుంచే మట్టి జారుతోంది. అప్పుడు లోపల ఇంకో సన్న కేసింగ్ దించాలి. అది బోరువాళ్ల పని, మనది కాదు.

ఇంకుడు గుంత సంగతి చెప్పి తీరాలి. మంచి ఆలోచనే, కానీ చాలా ఇళ్లల్లో బోరు చుట్టూనే గుంత తవ్వి, కేసింగ్‌కు చిల్లులు పెట్టి, వాకిటి నీళ్లన్నీ అందులోకి మళ్లించారు. ఇసుక, కంకర పొరలు సరిగా లేకపోయినా, మూడేళ్లుగా శుభ్రం చేయకపోయినా అది బురదకూ పశువుల మూత్రానికీ రాజమార్గం. డాబా మీది నీళ్లు మాత్రమే పంపండి, మొదటి వాన నీళ్లు బయటికి వదలండి, ఏటా మే నెలలో గుంతలోని ఇసుక తీసి కడిగించండి. సెప్టిక్ ట్యాంకు, దాని మురుగునీళ్లు ఇంకే గొయ్యి బోరుకు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. పగుళ్ల బండ ఉన్నచోట అదీ చాలదు.

చేదబావి అయితే ఒర పగుళ్లు, రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్కలు, లోపల పడ్డ ఆకులు చూడండి. పూడిక తీయించాల్సి వస్తే ఒక్క మాట: బావిలోకి ఊరికే దిగకండి, దింపకండి. మూసి ఉన్న బావి అడుగున ఊపిరాడని గాలి పేరుకుంటుంది. దీపం దించి చూడటం పెద్దల పద్ధతి, దీపం ఆరితే దిగకూడదన్నది నిజమే. ఆరకపోయినంత మాత్రాన క్షేమమని కాదు, ఎందుకంటే విషవాయువులున్నా దీపం వెలగవచ్చు. కంప్రెసరుతో చాలాసేపు గాలి కొట్టించి, దిగే మనిషి నడుముకు మోకు కట్టి, పైన ఇద్దరు పట్టుకుని ఉండాలి. డీజిలు ఇంజను ఎట్టి పరిస్థితిలోనూ బావిలోకి దించకూడదు. పడిపోయినవాణ్ని కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు పోవడమే ఈ ప్రమాదాల్లో ఎక్కువగా జరిగేది.

ఆరో అడుగు: ల్యాబు

ఇక్కడిదాకా వచ్చాక ల్యాబులో ఏం అడగాలో మీకు తెలుస్తుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లాల్లో ల్యాబులున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఇలాంటి ల్యాబుల్లో మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుము కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ముందు ఫోన్ చేసి సీసా వాళ్ల దగ్గరే తీసుకోండి. బ్యాక్టీరియా పరీక్షకు శుద్ధి చేసిన సీసా కావాలి, మంచులో పెట్టి అదే రోజు చేర్చాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్లిన నీళ్లకు వచ్చే ఫలితం సీసా గురించే గానీ బోరు గురించి కాదు.

కాగితం చేతికొచ్చాక పోల్చుకోవడానికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కొన్ని అంకెలు. మసకదనం 1 ఎన్‌టీయూ (మసకను కొలిచే ప్రమాణం), వేరే ఆధారం లేకపోతే 5 దాకా. ఇనుము లీటరుకు 1 మి.గ్రా., అయితే 0.3 దాటగానే మరకలు మొదలవుతాయి. మాంగనీసు 0.1, గత్యంతరం లేకపోతే 0.3. నైట్రేటు 45. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 6.5 నుంచి 8.5. ఇ-కొలై (మలంతో నీళ్లలో కలిసే బ్యాక్టీరియా) 100 మి.లీ.లో ఒక్కటి కూడా ఉండకూడదు.

డబ్బు కట్టేటప్పుడే ఫ్లోరైడు కూడా రాయించండి. దీని పరిమితి లీటరుకు 1 మి.గ్రా., గరిష్ఠంగా 1.5. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో తరాల తరబడి ఎముకలు వంచిన నీళ్లు చూడటానికి తేటగానే ఉండేవి.

ఏడో అడుగు: సరిచేయడం

మట్టి: సందు మూశాక బోరును కంప్రెసరుతో ఫ్లషింగ్ చేయించండి. మోటారు పైకి తీసి, గాలి గొట్టం దించి, నీళ్లు తేటపడేదాకా కొట్టాలి. మధ్యలో ఆపేసే బాపతు కూడా ఉంటారు, పక్కనే నిలబడండి. తిరిగి దించేటప్పుడు మోటారును అడుగు నుంచి 15, 20 అడుగులు పైనే వేలాడదీయమనండి, అడుగు పూడికను లాగకుండా ఉంటుంది. ఈలోపు వాడుకకు బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పి రెండు గంటలు కదపకుండా వదిలేస్తే చాలు. మా అమ్మమ్మ కాలంలో చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసేవాళ్లు, అదీ పనిచేస్తుంది. రెండూ నీళ్లను తేటపరుస్తాయి గానీ క్రిములను చంపవు. తాగాలంటే తర్వాత మరిగించాల్సిందే.

కరిగిన ఇనుము: దీనికి మందు గాలి. ట్యాంకులోకి వచ్చే పైపు చివర చిల్లుల గొట్టమో పాత షవరో బిగించి, నీళ్లు మూడు నాలుగు అడుగుల ఎత్తు నుంచి జల్లులా పడేలా చేయండి. రాత్రంతా నిలవనివ్వండి. ఇంటికి వెళ్లే గొట్టం ట్యాంకు అడుగుకు అరడుగు పైన ఉండాలి, అట్టడుగున మడ్డి వదలడానికి వేరే కుళాయి ఉండాలి. మిగిలిన తుప్పును కడిగిన ఏటి ఇసుక వడపోత పట్టేస్తుంది. కంకర మీద రెండడుగుల మందాన ఇసుక చాలు. ధార సన్నబడినప్పుడు పైపొర గీకి కడగాలి. పీహెచ్ 7 కంటే తక్కువుంటే ఇనుము విడిపోవడం బాగా ఆలస్యమవుతుంది. అప్పుడు గానీ, మాంగనీసు ఉన్నప్పుడు గానీ ఒట్టి గాలి చాలదు. మాంగనీసు డయాక్సైడు పూసిన ఇసుక ఉండే ఫిల్టరు కొనాలి, దాన్ని వెనక్కి కడిగే ఏర్పాటు ఉందో లేదో కొనేముందే చూడాలి. నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నరు ఉప్పునీళ్ల గారకు పనికొస్తుంది గానీ ఇనుము ఎక్కువైతే అదే పూడిపోతుంది. ఆర్వో పొరా అంతే. ఇనుము తీశాకే దాన్ని పెట్టాలి.

బ్యాక్టీరియా, జిడ్డు: బ్లీచింగ్ పౌడరు. లెక్క తెలిస్తే భయం లేదు. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్ల నీళ్లుంటాయి. 400 అడుగుల బోరులో నీళ్లు 100 అడుగుల దగ్గరుంటే, 300 అడుగులకు సుమారు 2,000 లీటర్లు. వెయ్యి లీటర్లకు 200 గ్రాముల లెక్కన 400 గ్రాముల పౌడరు పడుతుంది. బావికైతే వ్యాసం అడుగుల్లో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో గుణించి, 22తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 8 అడుగుల బావిలో 10 అడుగుల నీళ్లుంటే సుమారు 14,000 లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 35 గ్రాములు వేసి, గంటాగి తోడుకుంటే చాలు. వరద తర్వాత, పూడిక తీశాక మాత్రం పైన చెప్పిన పెద్ద మోతాదు వేసి, తర్వాత నీళ్లన్నీ తోడేయాలి.

పౌడరు ఘాటుగా వాసన కొట్టాలి, సంచి విప్పి నెలలైతే అది ఒట్టి సున్నం. బకెట్టులో కలిపి, సున్నం అడుక్కి దిగనిచ్చి, పై తేట మాత్రమే పోయండి. కుళాయికి గొట్టం తగిలించి మోటారు వేసి, నీళ్లు మళ్లీ బోరులోకే గంటసేపు తిప్పండి. క్లోరిన్ వాసన కుళాయిల దాకా వచ్చాక మోటారు కట్టేసి, ఒక రాత్రి వదిలేయండి. పొద్దున నీళ్లు నల్లగానో ఎర్రగానో వస్తే హడలిపోకండి, లోపల పట్టిన ఇనుము ఊడివస్తోంది. వాసన పోయేదాకా, మొక్కలూ చేపల తొట్టీ లేని వైపుకు వదలండి. ఆర్వోకు ఆ నీళ్లు వెళ్లకుండా ముందే వాల్వు మూయండి. వారం పది రోజులాగి బ్యాక్టీరియా పరీక్ష మళ్లీ చేయించండి. ఇనుము తినే బ్యాక్టీరియా ఒక్కసారికి పోదు, ఏడాదికో రెండేళ్లకో ఇదే పని మళ్లీ పడుతుంది.

మిగిలిన మరకలు

నీళ్లు బాగయ్యాక మరకలు వదిలించుకోవచ్చు, అంతకుముందు రుద్దితే మిగిలేది చేతుల నొప్పే. తుప్పు మరకలకు బ్లీచింగు వాడకండి, అది ఇనుమును మరింత ముదిర్చి మరకను పాతుకుపోయేలా చేస్తుంది. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, గుడ్డ తడిపి మరక మీద అరగంట పరచండి. తర్వాత బ్రష్షుతో రుద్దితే తెల్ల టైలు బయటపడుతుంది. తెల్ల బట్టలకూ ఇదే. రంగు బట్టలైతే ముందు అంచు మీద ఒక చుక్క వేసి చూసుకోండి. పాలరాయి, కడప రాయి మీద మాత్రం నిమ్మ ఉప్పు పడితే మెరుగు పోతుంది. బ్లీచింగు పోసిన చోట యాసిడ్ గానీ నిమ్మ ఉప్పు గానీ వెంటనే వేయకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ముందు నీళ్లతో బాగా కడిగి, కిటికీ తెరిచి, రెండోది మర్నాడు మొదలుపెట్టండి.